ఎడమ చెవికి గాటు

బిష్కెక్ నుంచి వచ్చిన బక్‌తెగిన్
కోటు విప్పకుండానే మా ఉన్ని కొట్టంలో కూర్చుని
పొయ్యి దగ్గరికి కుర్చీ జరుపుకుంటూ చెప్పాడు:
పోస్టు సాయంత్రం ఏడింటికి పడాలి.
మొహాలు కనపడాలి. నవ్వాలి.
ఒట్టి తివాచీ పెడితే ఎవరూ ఆగరు,
తివాచీ వెనక అవ్వ ఉంటే ఆగుతారు.

పద్నాలుగు మంది ఆడవాళ్ళ సంఘం మాది.
ఫోనులో టైపు చెయ్యడం నాకొక్కదానికే వచ్చు కాబట్టి
పేజీ తెచ్చి నా మెడకు చుట్టారు.

తోక్తోబూబు అవ్వని నవ్వమన్నాను.
పళ్ళు కట్టించుకున్నాక చూద్దాంలే అంది.

ఉన్ని పరిచి, సలసల కాగే నీళ్ళు చల్లి
రెల్లుచాపలో చుట్టి
నలుగురం వరసగా తొక్కుతుంటే వీడియో తీశాం.
ఆ చప్పుడు బాగోలేదు, పాట పెట్టమన్నాడు.
ఆ చప్పుడే కదా మా పని, అన్నాను.
అన్నాను గానీ
పాటే పెట్టాను.

వచ్చిన బొటనవేళ్ళు పదకొండు.
అందులో మూడు మావే.
సూది దిగి దిగి నల్లబడిన తన వేలు
అవ్వ నా మొహం ముందు నిలబెట్టి
ఇదీ కలుపుకో, పన్నెండు, అంది.

నవంబరులో తొలి మంచు పడిన రాత్రి
ఎసెన్‌కుల్ బాబాయి తలుపు కొట్టాడు.
నా సొంత ఖాతా అనుకుని
సంఘం పేజీలో రాసేశాను:
"బూడిద రంగు ఆడగుర్రం. ఎడమ చెవికి గాటు.
చూలుతో ఉంది. కనుమ దిక్కుగా అడుగులు."
ఫొటో లేదు, పాట లేదు.
టైము రాత్రి రెండు.

తెల్లారేసరికి రెండొందల మంది.
ఉప్పు లారీ తోలేవాడు మైలురాయి నంబరు రాశాడు.
వాతావరణ కేంద్రంలో ఒంటరిగా ఉండే ఆవిడ
గాలి ఎటు తిరిగిందో గంట గంటకీ రాసింది.
నారిన్ ఆస్పత్రిలో నడుం విరిగి పడున్న ముసలి కాపరి
మనవడి చేత రాయించాడు:
ఆ జాతి గుర్రం కొండెక్కదు.
చలికాలపు పాత దొడ్డిలో
గోడరాళ్ళకి ఇంకా ఉప్పు ఉంటుంది, చూడండి.

అక్కడే ఉంది.
రాయి నాకుతూ, మా వంక
పిలవని పేరంటానికొచ్చిన వాళ్ళని చూసినట్టు చూసింది.

మధ్యాహ్నానికి బక్‌తెగిన్ ఫోను.
అంకెలు అదిరిపోయాయి అక్కా!
నెలకో గుర్రం తప్పిపోతే మనకిక తిరుగు లేదు.
కొట్టమంతా పడీ పడీ నవ్వాం.
బాబాయి నవ్వలేదు.
పోనీ గుర్రాన్ని తివాచీ మీద నిలబెట్టి
ఒక్క ఫొటో, అన్నాడు.
నిలబెట్టబోయాం.
ఎర్ర ఉన్ని మీది పొట్టేలు కొమ్ముల ముగ్గు చూసి
అది నాలుగడుగులు వెనక్కి వేసింది.
ఎనిమిది నెలల పనిని కాలు పెట్టకుండా గౌరవించింది
అదొక్కటే, అంది అవ్వ.

అప్పట్నుంచి ఆ పేజీ మా చేతుల్లో లేదు.
పిండి ధర, మూసుకున్న దారి,
నెత్తురు కావాలని ఒకరు,
బస్సులో ఒంటి చేతితొడుగు దొరికిందని ఒకరు.
నడుమ ఎక్కడో మా తివాచీలు.
ఈ లోయలో తివాచీ ఎవరు కొంటారు?
ఇంటింటా తాతలనాటివి రెండేసి ఉన్నాయి.

మార్చిలో లెక్కల పుస్తకం తెరిచారు.
పేజీ వల్ల అమ్మకం: ఒకటి, హాంబర్గ్‌కి.
వచ్చింది గుర్రం, అది ఏ గడిలో రాయను
అని కోశాధికారి కలం పట్టుకుని కూర్చుంది.
ఎవరం మాట్లాడలేదు.
పొయ్యిలో పిడక ఒకటి విరిగింది.

ఇవాళ నీలం తివాచీ పెట్టాలి, ఏడింటికి.
అవ్వ కొత్త పళ్ళతో
గంట నుంచీ నవ్వుతూ కూర్చుంది.
ఆరున్నరకి ఎవరో
వంతెన కుంగిందని పెట్టారు, అవతలి గట్టున బడిపిల్లలట.

అవ్వా, నోరు మూసుకో కాసేపు.
తివాచీ రేపు.